వరసలోంచి బయటికి పిలిచిన మనిషి
(యుద్ధఖైదీ సాహిత్యంలో యూదు సైనికుడు - మన మాధవరం)

యుద్ధసాహిత్యం విషయంలో మన విమర్శకు ఒక అలవాటు స్థిరపడిపోయింది. యుద్ధం తెచ్చేది పాలకవర్గాలు, చచ్చేది సామాన్యుడు అన్న సూత్రంతో వ్యాసం మొదలుపెట్టడం, తిరిగి ఆ సూత్రం దగ్గరికే వచ్చి ఆగడం. సూత్రం అబద్ధం కాదు. కాని సూత్రం నిజమైనంత మాత్రాన కథను చదవడం పూర్తికాదు. ఆ ‘సామాన్యుడు’ అనే ఏకవచనంలో ఎంతమంది ఇమిడి ఉన్నారు, శత్రువు చేతికి చిక్కాక వాళ్లందరికీ ఒకటే గతి పట్టిందా అని అడగకపోతే సూత్రమే కథను మింగేస్తుంది.

ఈ ప్రశ్నకు యుద్ధఖైదీని మించిన పరీక్ష లేదు. రణరంగంలో ఉన్నంతసేపు సైనికుడికి యూనిఫారం ఉంది, తుపాకి ఉంది, పక్కన తోటివాడున్నాడు. పట్టుబడిన క్షణం నుంచి అతనికి మిగిలేది ఒళ్లూ పేరూ మాత్రమే. అందులోనూ 1941లో హిట్లర్ సైన్యానికి చిక్కిన యూదు సైనికుడికి ఆ ఒళ్లే, ఆ పేరే మరణశాసనాలు. కాబట్టి అతన్ని రచయితలు ఎలా చూశారన్నది చిన్న విషయం కాదు. మన సాహిత్యోద్యమానికి అది పరాయి విషయమూ కాదు. 1943 ఫిబ్రవరిలో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడేనాటికి స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్ సేన లొంగిపోయి రెండు వారాలు కూడా కాలేదు. ఫాసిజానికి వ్యతిరేకంగా నిలబడటమే ఆనాటి మన రచయితల మొదటి ప్రమాణం. ఆ ఫాసిజం ముందుగా ఎవరిని వెతికి పట్టుకుందో మనం ఎంత శ్రద్ధగా చదివాం?

షోలఖోవ్ కథ ‘ఒక మనిషి విధి’ దగ్గర మొదలుపెడదాం. 1956 డిసెంబర్ 31న, 1957 జనవరి 1న రెండు భాగాలుగా ప్రావ్దా పత్రికలో వచ్చింది. 1959లో బొందార్చుక్ దాన్ని సినిమాగా తీశాడు. సోవియట్ పుస్తకాలు చౌకగా చేతికందిన రోజుల్లో ఏలూరులోనూ, తాడేపల్లిగూడెంలోనూ, ఇంకా చిన్న ఊళ్లలోనూ కథారచన నేర్చుకున్న తరానికి షోలఖోవ్ పాఠ్యపుస్తకం వంటివాడు. డ్రైవరు సొకొలోవ్ పట్టుబడటం, శిబిరాల్లో బతికి బయటపడటం, ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని ఒక అనాథ పిల్లవాడిని చేరదీయడం, ఇదీ కథ. దాని గొప్పతనం గురించి చాలామంది రాశారు. నేను ఒక్క ఘట్టం దగ్గర ఆగుతాను.

ఖైదీలను రాత్రికి ఒక చర్చిలో తోస్తారు. పైకప్పు కూలిపోయింది, వాన కురుస్తోంది. ఆ చీకట్లో ఒక వైద్యుడు గాయపడ్డవాళ్లను వెతుక్కుంటూ తిరుగుతాడు, సొకొలోవ్ జారిన భుజాన్ని సరిచేస్తాడు. ఒక భక్తుడు దేవుడి ఇంటిని మైల చేయలేనని బయటికి పంపమని తలుపు బాదుతాడు. కావలివాడు తలుపుమీదుగా కాల్చేసరికి అతనితోపాటు మరికొందరు పోతారు. తెల్లారితే తన దళపతిని పట్టిస్తానని గొణిగే ద్రోహి ఒకడు. అతన్ని సొకొలోవ్ తన చేతులతోనే గొంతు నులిమి చంపుతాడు. కొద్ది పుటల్లో ఇంతమంది మనుషులు. ఒక్కొక్కరికీ ఒక మాట ఉంది, ఒక పని ఉంది. ఇది మామూలు శిల్పం కాదు.

తెల్లారుతుంది. ఖైదీలను వరసగా నిలబెట్టి కమ్యూనిస్టులెవరు, కమిసార్లెవరు, అధికారులెవరు అని అడుగుతారు. ఎవరూ కదలరు. రెండువందల పైచిలుకు మందిలోంచి నలుగురిని మాత్రం బయటికి లాగుతారు. ఒక యూదుడు, ముగ్గురు రష్యన్ సిపాయిలు. రష్యన్లు ముగ్గురూ నల్లగా ఉన్నారు, జుట్టు ఉంగరాలు తిరిగి ఉంది. తాము రష్యన్లమని చెప్పుకున్నా వినిపించుకునే నాథుడు లేడు. నలుగురినీ కాల్చేస్తారు. కథ ముందుకు సాగిపోతుంది.

ఆ వాక్యాల నిర్మాణం గమనించండి. రష్యన్లు చావడానికి కథకుడు కారణం చెప్పాడు: వాళ్ల జుట్టు, వాళ్ల రంగు. యూదుడు చావడానికి కారణం చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమే కలగలేదు. రష్యన్లది పొరపాటున వచ్చిపడ్డ ఆపద. యూదుడిది ఆపద కూడా కాదు, నడిచిపోయే సంగతి. ఇంకా చిన్న విషయం ఒకటుంది. ఆ ముగ్గురినీ కథకుడు ‘సిపాయిలు’ అన్నాడు. నాలుగోవాడిని వట్టి ‘యూదుడు’ అన్నాడు. అతనూ అదే ఎర్రసైన్యం యూనిఫారంలో ఉన్నాడు, అదే వానలో తడిశాడు, బహుశా రాత్రంతా సొకొలోవ్‌కు నాలుగు బారల దూరంలోనే కూర్చుని ఉంటాడు. అతనికి కథలో గొంతు లేదు, పేరు లేదు, చివరికి సైనికుడన్న హోదా కూడా లేదు. భక్తుడికి ఒక దృశ్యం దక్కింది. ద్రోహికి సైతం ఒక సంభాషణ దక్కింది. ఇతనికి అర వాక్యం దక్కింది.

షోలఖోవ్‌కు దురుద్దేశం అంటగట్టడం నా అభిప్రాయం కాదు. పైగా ఆ ముగ్గురు రష్యన్ల సంగతి చెప్పడంలో ఒక గొప్ప సత్యం పట్టుకున్నాడు. జాతి అనేది చచ్చేవాడి నెత్తురులో లేదు, చంపేవాడి కంట్లో ఉంది. దీనికి చరిత్రలో విచిత్రమైన సాక్ష్యం ఉంది. 1945 ఫిబ్రవరిలో బాద్ ఓర్బ్ శిబిరంనుంచి 350 మంది అమెరికన్ ఖైదీలను బెర్గా అనే చోటికి బానిసచాకిరీకి పంపారు. వాళ్లలో యూదులు సుమారు 80 మందే. లెక్క పూర్తి చేయడానికి ‘గొడవలు పెట్టేవాళ్లను’, చూడటానికి యూదుల్లా ఉన్నవాళ్లను కలిపేశారు. షోలఖోవ్ ఉంగరాల జుట్టు కల్పన కాదన్నమాట. సత్యం అంత దగ్గరగా పట్టుకున్న రచయిత, అసలు ఎవరికోసం ఆ వెతుకులాట జరిగిందో అతని ముఖంవైపు చూడకపోవడమే ఇక్కడి చిక్కు.

అది ఒక్క రచయిత లోపం అనుకుంటే పొరపాటు. 1941 జూన్‌నాటి కమిసార్ల ఉత్తర్వు, జూలైలో హైడ్రిచ్ భద్రతా పోలీసులకిచ్చిన ఆజ్ఞ, ఈ రెండింటితో శిబిరాల్లో యూదు సైనికులను ఏరి చంపడం ఒక యంత్రంలా సాగింది. సోవియట్ ఖైదీల్లో యూదులు కనీసం 50 వేల మంది ఇలా బలయ్యారని చరిత్రకారుల అంచనా. మొత్తం 57 లక్షల సోవియట్ ఖైదీల్లో సుమారు 33 లక్షల మంది ఆకలికీ, రోగానికీ, తూటాకూ చనిపోయారు. ఆ సంఖ్య ముందు ఎవరికైనా నోట మాట రాదు. కాని ఆ పెద్ద సంఖ్యే చిన్న సంఖ్యను కప్పేసింది. ఎహ్రెన్‌బుర్గ్, గ్రాస్‌మన్ కలిసి యూదుల ఊచకోతకు సాక్ష్యాలు పోగుచేసిన ‘నల్ల పుస్తకం’ సోవియట్ దేశంలో వెలుగు చూడకుండా 1948లో ఆగిపోయింది. చనిపోయినవాళ్లంతా సోవియట్ పౌరులే, వేరుచేసి చెప్పడం ఎందుకన్నది అప్పటి వాదం. దానికి తోడు 1941 ఆగస్టునాటి 270వ నంబరు ఉత్తర్వు లొంగిపోయినవాళ్లను ద్రోహుల కింద జమకట్టింది. తిరిగొచ్చినవాళ్లను తనిఖీ శిబిరాల్లో వడపోశారు. షోలఖోవ్ ఈ సంగతినీ తెలివిగా దాటేశాడు: సొకొలోవ్ ఒక జర్మన్ మేజరును, అతని కాగితాలను కారులో వేసుకుని మరీ తనవాళ్లలోకి వస్తాడు. ఉత్త చేతులతో వచ్చిన లక్షలాదిమందికి అలాంటి కారు లేదు.

షోలఖోవ్ వదిలేసిన చోట వసీలీ గ్రాస్‌మన్ అందుకున్నాడు. ఆయన తల్లిని 1941 సెప్టెంబరులో బెర్దిచెవ్‌లో చంపారు. ‘జీవితమూ, విధీ’ నవల రాతప్రతిని 1961 ఫిబ్రవరిలో రహస్య పోలీసులు ఎత్తుకుపోయారు. 1980లో విదేశంలో, 1988లో స్వదేశంలో అది అచ్చయింది. అప్పటికి రచయిత పోయి (1964) చాలా ఏళ్లు.

ఆ నవలలో ఒక ఏర్పాటు ఉంది. స్టాలిన్‌గ్రాడ్ శివార్లలో ఒకే కారులో పోతున్నవాళ్లు జర్మన్ ట్యాంకులకు చిక్కుతారు. మొస్తొవ్‌స్కొయ్ పాతతరం బొల్షివిక్. సోఫియా లెవిన్‌టన్ సైన్యంలో వైద్యాధికారి, యూదు స్త్రీ. సెమ్యోనొవ్ డ్రైవరు. కారు ఒకటి, పట్టుబడ్డ క్షణం ఒకటి. అక్కడినుంచి దారులు చీలిపోతాయి. డ్రైవరును ఖైదీల రైల్లోంచి చావబోతున్నవాడిగా దింపేస్తే ఉక్రెయిన్ పల్లెలో ఒక ముసలమ్మ అన్నం పెట్టి బతికిస్తుంది. బొల్షివిక్ రాజకీయ ఖైదీల శిబిరానికి పోతాడు. అక్కడ వాదించుకోవడానికి మనుషులున్నారు, గెస్టపో అధికారి సైతం అతనితో సిద్ధాంత చర్చకు దిగుతాడు. సోఫియా మాత్రం పశువుల పెట్టెలో యూదు పౌరులతో కలిసి గ్యాసు గదికి పోతుంది. దిగాక వైద్యులెవరైనా ఉంటే ముందుకు రమ్మంటారు. వస్తే ప్రాణం దక్కవచ్చు. ఆమె రాదు. దారిలో తోడైన దావిద్ అనే పిల్లవాడి చెయ్యి వదలదు.

షోలఖోవ్ చర్చిలోనూ ఒక వైద్యుడున్నాడు, ఇక్కడా ఒక వైద్యురాలుంది. ఇద్దరూ ఖైదులో ఉండి తమ ధర్మం నిర్వర్తించారు. మొదటివాడు వృత్తిని వదలకపోవడం ద్వారా, రెండో ఆమె వృత్తిని దాచుకోవడం ద్వారా. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివించే అధ్యాపకులు మన కళాశాలల్లో ఉంటే బాగుండును. ఒక విషయం మాత్రం ఒప్పుకోవాలి. గ్రాస్‌మన్ నవలలో ఉపన్యాసాలు ఎక్కువ. షోలఖోవ్ అర వాక్యంలో చేసే పనికి ఆయన ఒక అధ్యాయం తీసుకుంటాడు. శిల్పంలో షోలఖోవ్ పైచేయి. కాని ఎవరిని చూడాలన్న విజ్ఞతలో గ్రాస్‌మన్‌దే.

మూడో సాక్షి కథకుడు కాదు, తత్త్వవేత్త. ఇమాన్యుయేల్ లెవినాస్ లిథువేనియాలో పుట్టి ఫ్రెంచి పౌరుడై ఆ సైన్యంలో దుబాసీగా చేరాడు. 1940 జూన్‌లో రెన్ దగ్గర పట్టుబడ్డాడు. హానోవర్ ప్రాంతంలోని ఫాలింగ్‌బోస్టెల్ శిబిరంలో యూదు ఖైదీలను వేరుచేసి అడవిలో కట్టెలు కొట్టే పనికి పెట్టారు. ఆ దళానికి పడ్డ నంబరు 1492. స్పెయిన్‌నుంచి యూదులను వెళ్లగొట్టిన సంవత్సరం అదే. ఫ్రెంచి యూనిఫారం అతని ప్రాణం కాపాడింది, జెనీవా ఒప్పందం అంతవరకు పనిచేసింది. లిథువేనియాలో ఉన్న అతని తల్లిదండ్రులకూ తమ్ముళ్లకూ అలాంటి యూనిఫారం లేదు, వాళ్లను చంపేశారు. పోలండ్ సైన్యంలోని యూదు సైనికులకు యూనిఫారం ఉండి కూడా ఒరిగింది లేదు. ఖైదీ హోదా తీసేసి చాలామందిని ఘెట్టోలకు తోలారు.

1975లో లెవినాస్ ఒక కుక్క గురించి చిన్న వ్యాసం రాశాడు. డెబ్బైమంది ఖైదీలు పనికి పోయి వస్తుంటే దారిన పోయే స్త్రీలు, పిల్లలు కూడా వాళ్లను మనుషులుగా చూడటం మానేశారు. ఎక్కడినుంచో ఒక వీధికుక్క వచ్చింది. ఖైదీలు దానికి బాబీ అని పేరు పెట్టుకున్నారు. పొద్దున వరసలో నిలబడ్డప్పుడూ, సాయంత్రం తిరిగొచ్చినప్పుడూ తోకాడిస్తూ ఎగిరి గంతులేసేది. దానికి మాత్రం వీళ్లు మనుషులనడంలో సందేహం లేకపోయింది. కొన్ని వారాల తర్వాత కావలివాళ్లు తరిమేశారు. ఈ వ్యాసంలో జాలి కథ లేదు. కుక్కకు సూత్రాలు చేసే బుద్ధి లేకపోయినా అది నీతిసూత్రాన్ని పాటించిందని చెబుతున్నప్పుడు, సూత్రాలు చేసిన దేశం పరువు తీస్తున్నాడు ఆయన. తెలుగు పాఠకుడికి ఇక్కడ వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. కుక్క రాగలిగిన వీధిలోకి మనిషి రాకూడని ఊళ్లు మనకు తెలుసు.

అయితే యూదు సైనికుడి అనుభవం, మన దళితుడి అనుభవం ఒకటేనని తేల్చేయడం తొందరపాటు. వెలివాడ మనిషిని చాకిరీకోసం బతకనిస్తుంది, ఆ బతుకును అణగదొక్కుతుంది. నాజీ ఆజ్ఞ మనిషిని భూమ్మీద లేకుండా చేయబోయింది. పోలిక కలిసేది ఒక్కచోట: అందరికీ ఒకటే కష్టం వచ్చినప్పుడు కూడా వేరుచేసే గీత చెరగదు. ఆకలి అందరినీ ఒకటి చేస్తుందని మన కథల్లో ఎన్నిసార్లు చదవలేదు! కొల్లేరు పొంగి లంకలు మునిగినప్పుడు గట్టెక్కిన జనాన్ని చూసినవాళ్లకు తెలుసు. వరద ఒకటే, గట్టుమీద పొయ్యిలు మాత్రం వేరు వేరు. ‘వరద బీభత్సం’ అని రాసే కథకుడికి నీళ్లు కనిపిస్తాయి, పొయ్యిల మధ్య ఎడం కనిపించదు.

ఇలా ఎత్తిచూపడం ఐక్యతను చీల్చడమేనని కొందరు మిత్రులు అంటారు. యూదుల వేదన గురించి మాట్లాడితే నేటి ఇజ్రాయెల్ రాజ్యాన్ని సమర్థించినట్టు అవుతుందని మరికొందరి జంకు. రెండోదానికి జవాబు సులువు. చర్చి గోడ దగ్గర పడిపోయిన సైనికుడు ఏ రాజ్యం విధానానికీ బాధ్యుడు కాడు. అతన్ని సాకుగా వాడుకునే రాజ్యాన్ని విమర్శించడానికి అతన్ని మరిచిపోవలసిన పనీ లేదు. మొదటిదానికి జవాబు జీగెన్‌హైన్ శిబిరంలో దొరుకుతుంది. 1945 జనవరిలో అక్కడి అమెరికన్ ఖైదీల్లోంచి యూదులు మాత్రమే బయటికి రావాలని ఆజ్ఞ వచ్చింది. వాళ్లలో పెద్ద హోదా ఉన్న సార్జెంటు రాడీ ఎడ్మండ్స్ వెయ్యిమందికి పైగా ఖైదీలను వరసకట్టించి, ఇక్కడ ఉన్నవాళ్లమంతా యూదులమేనన్నాడు. తుపాకి గురిపెట్టినా మాట మార్చలేదు. సుమారు 200 మంది యూదు సైనికులు దక్కారు. ఆయన యూదుడు కాడు. ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పకుండానే 1985లో పోయాడు. ఈ ఐక్యత ఎక్కడినుంచి వచ్చింది? మనలో తేడాలు లేవనుకోవడం వల్ల రాలేదు. ఎవరికోసం వెతుకుతున్నారో కచ్చితంగా తెలిసి, తెలిసే ఆ పేరు అందరూ తలకెత్తుకోవడం వల్ల వచ్చింది. చర్చిలోని రెండువందల మంది అలా నిలబడలేదని నిందించే హక్కు మనకు లేదు. సోవియట్ ఖైదీకి ఏ ఒప్పందం రక్షణా లేదు. తూకం వేయాల్సింది వాళ్ల ధైర్యాన్ని కాదు, కథకుడి వాక్యాన్ని.

ఇక మన సంగతి. ముల్క్‌రాజ్ ఆనంద్ అభ్యుదయ రచయితల ఉద్యమానికి ఆద్యుల్లో ఒకడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సుకు పోయిన పంజాబీ సిపాయి లాలూ కథ ‘ఎక్రాస్ ది బ్లాక్ వాటర్స్’ (1940). నవల చివర లాలూ జర్మన్లకు చిక్కుతాడు. తర్వాతి నవల ‘ది స్వార్డ్ అండ్ ది సికిల్’ (1942) మొదలయ్యేసరికి చెరనుంచి తిరిగొచ్చి ఉంటాడు, రైతు ఉద్యమంలోకి నడుస్తాడు. మరి చెర? అది రెండు నవలల మధ్య అట్టల సందులో పడిపోయింది. సిపాయి రైతుయోధుడుగా మారాలి, ఆ మార్పు రచయితకు కావాలి. ఆ మార్పు జరిగిన చోటును మాత్రం మనకు చూపించలేదు. ఇదే మన యుద్ధసాహిత్యం మొత్తానికి వర్తించే లోపం.

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని ‘మిలిటరీ మాధవరం’ అంటారు. మొదటి ప్రపంచయుద్ధానికి 90 మంది, రెండోదానికి 1,110 మంది ఆ ఒక్క ఊరినుంచి వెళ్లారని ఊరివాళ్లు చెప్పే లెక్క. యుద్ధకాలంలో వేసిన విమానాల రన్‌వే తాడేపల్లిగూడెంలో ఇంకా ఉంది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా, కాకినాడ మీదా జపాన్ బాంబులు పడ్డాయి. యుద్ధం గోదావరి జిల్లాలకు ఇంత దగ్గరగా వచ్చింది. మన కథల్లోకి మాత్రం సిపాయి సెలవుమీద వచ్చాడు. ట్రంకు పెట్టెతో, మనియార్డరుతో, మహా అయితే చావు తంతితో వచ్చాడు. పట్టుబడిన సిపాయిగా రాలేదు.

పట్టుబడ్డవాళ్లు లేకనా? 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయింది. రెండు రోజుల తర్వాత ఫారర్ పార్కులో సుమారు 45 వేల మంది భారతీయ సైనికులను తెల్లవాళ్లనుంచి వేరుచేసి జపాన్‌కు అప్పగించారు. ఇక్కడా వరసలోంచి పిలుపే, కాని ఇది చంపడానికి కాదు, స్వాతంత్ర్యసేనలో చేరమని. చేరినవాళ్ల కథ పాటలకూ, సినిమాలకూ ఎక్కింది. చేరనివాళ్లలో వేలమందిని దక్షిణ పసిఫిక్ దీవులకు చాకిరీకి తోలారు. వాళ్లలో ఒకడు మంగుళూరు ప్రాంతపు జాన్ బాప్టిస్ట్ క్రాస్టా. 1946లోనే తన అనుభవం ఇంగ్లీషులో రాసుకున్నాడు. దాన్ని అర్ధశతాబ్దం తర్వాత కొడుకు అచ్చువేయించాడు. దేశభక్తుడి మూసలోనూ, ద్రోహి మూసలోనూ పట్టని మనిషి గనుక అతనికోసం ప్రచురణకర్త ఎవరూ ఎదురుచూడలేదు.

తెలుగులో అలాంటి పుస్తకం రాయాలనుకునే యువరచయితకు మాధవరం స్తూపం దగ్గర దొరికేది పేర్లూ సంఖ్యలూ మాత్రమే. ఎంతమంది వెళ్లారన్నది గర్వంగా చెబుతారు. చెరలో ఎవరు ఎవరితో కలిసి తిన్నారు, ఎవరిని బయటికి పిలిచారు, పిలిచినప్పుడు పక్కవాడు ఏం చేశాడు అన్నది ఎవరూ అడగలేదు. 1945 తర్వాత 80 ఏళ్లు గడిచాయి. చెప్పగలిగినవాళ్లు దాదాపు వెళ్లిపోయారు. మిగిలినవి పెట్టెల అడుగున పించను కాగితాలు. బ్రిటిషువాళ్ల సైన్యంలో చేర్చుకునే కాగితంలో పేరు పక్కన, ఊరు పక్కన, కులం రాయడానికి ఒక గడి ఉండేది. నవల ఆ గడి దగ్గర మొదలుపెట్టవచ్చు.